మేపని వాలు

పోయిన వారం ఉల్ఫత్‌ను పోష్‌మార్గ్ వాలు అంచున, మోకాలి లోతు మంచులో, ఎదురుగా మంచు చీలి నల్లటి నేల కనిపిస్తుండగా వదిలేసి వచ్చాం. ఆడపిల్లను అంత చలిలో అలా వదిలేస్తారా అని కోప్పడినవాళ్ళున్నారు. న్యాయమే. కానీ ఆ పిల్లకు వచ్చిన కోపం ముందు మన కోపాలు ఏపాటివి? ఈ వారం ఆ కోపం వెంటే కొండ దిగుదాం.

కొత్తగా వచ్చి చేరినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. ఉల్ఫత్ కశ్మీరు కొండల్లోని గురిపోర ఊళ్ళో అబ్దుల్ సమద్ చోపాన్ కూతురు; చోపాన్ అంటే గొర్రెలకాపరి. లిఫ్టులూ తాళ్ళూ లేని కొండల్లో స్కీలు తొడుక్కుని తిరగాలని సరదాపడి వచ్చే విదేశీ అతిథులకు దారి చూపడం ఆమె పని. వాళ్ళు దిగేది, ఊరంతా సమద్ జూ అని పిలిచే ఆమె తండ్రి ఇంటికి కాస్త దూరంలో కట్టిన గెస్ట్‌హౌస్‌లో. ఈసారి స్వీడన్ నుంచి ఐదుగురు వచ్చారు, అందులో ఇద్దరు అన్నాచెల్లెళ్ళు. తెల్లవారితే వాళ్ళను పోష్‌మార్గ్ అడుగుకు పంపి, అక్కడ గుడారాల్లో రెండు రాత్రులు ఉంచుతానని సమద్ జూ కూతుర్ని అడగకుండానే మాట ఇచ్చేశాడు. తీసుకెళ్ళేవాడు తమ్ముడి కొడుకు ఇర్షాద్. ఆ తమ్ముడు ఖాలిక్‌తో సమద్ జూకు పోయిన ఎండాకాలం నుంచి మాటల్లేవు. తాతల కాలం నుంచి పోష్‌మార్గ్‌లో మేస్తూ వచ్చిన ఖాలిక్ గొర్రెల మందను అన్నగారు ఆ ఏడు అక్కడ అడుగు పెట్టనివ్వలేదు. ఎందుకని ఊళ్ళో అడిగితే తలా ఒక కారణం చెబుతారు. అక్రోట్ చెట్ల హద్దు తగాదా అని కొందరు, ఆడవాళ్ళ మాట పట్టింపులని కొందరు. ఆ అన్నదమ్ములిద్దరూ మాత్రం పెదవి విప్పలేదు.

ఆ పొద్దున తండ్రితో గొడవ పడి, పార భుజాన వేసుకుని ఉల్ఫత్ విసురుగా వెళ్ళిపోయింది. ఒంటరిగా కొండెక్కకండని లోకానికి పాఠం చెప్పే మనిషి ఒంటరిగానే ఎక్కింది. వాకీటాకీ వంటింటి గోడకు వేలాడుతూనే ఉండిపోయింది. ఊరు దాటితే ఫోను ఎలాగూ పలకదు. కోపం నెత్తికెక్కినప్పుడు మనిషి ముందుగా మరచిపోయేది తాను నేర్చుకున్నదాన్నే.

పోష్‌మార్గ్ పక్క గట్టు మీద ఆమె మంచును నేల దాకా తవ్వింది. పారతో ఒక దిమ్మను విడదీసి, దాని నెత్తిన ముందు మెల్లగా తట్టింది, తర్వాత మోచేతి బలంతో, చివరికి భుజం నుంచి ఎత్తి కొట్టింది. పొర మీద నుంచి పొర జారలేదు. ఒకదాన్నొకటి కరుచుకుని కూర్చున్నాయి. అబ్బా చెప్పిందే నిజమేమో అని ఒక్క క్షణం అనుకుంది కూడా. ఆ క్షణం గుర్తొస్తే ఇప్పుడు ఆమెకు ఒళ్ళు మండుతోంది.

పార సంచిలో పెట్టుకుంటూ తల తిప్పితే, వాలు నడుమ వంపు తిరిగిన చీలిక కనపడింది. చేయి పట్టేంత వెడల్పు. పక్కనుంచి, అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళి తొంగి చూసింది. అడుగున తడి నేల. నేల మీద పోయిన ఏటి గడ్డి. నడుమెత్తు పెరిగిన గడ్డి, నూనె పెట్టి దువ్విన జుట్టులా వాలు కిందికి పడుకుని నీళ్ళు కారుతోంది. అంటే మంచు మీద మంచు జారడం లేదు. మొత్తం మంచు నేలను వదిలేసి జారుతోంది. ఆమె తవ్వి, తట్టి, కొట్టి అడిగిన ప్రశ్న ఒకటి. కొండ చెబుతున్న జవాబు వేరే ప్రశ్నకు.

ఈ ఏడు తొలి మంచు తొందరపడి, నేల చల్లారకముందే కురిసింది. ఆ రోజు ఊరంతా ఒకరికొకరు ముబారక్ చెప్పుకున్నారు, వీధుల్లో ముద్దలు చేసి విసురుకున్నారు. ఆ మంచు కప్పేసిన నేల వేడే ఇప్పుడు అడుగున కూర్చుని దాన్ని కరిగిస్తోంది.

నాలా వాగు దారిన దిగితే ఇల్లు త్వరగా చేరేది. కానీ నాలా ఆ వాలు కిందే ఉంది. అందుకని చుట్టు తిరిగి, అడవి గట్టు మీదుగా దిగింది. దిగినంతసేపూ తండ్రిని తిట్టుకుంటూనే దిగింది.

వంటింటి తలుపు తోసుకుని వచ్చేసరికి సమద్ జూ గోడవారన దిండుకు ఆనుకుని, వదులు ఫెరన్ అంగీ లోపల కాంగ్డీ నిప్పుల కుంపటి పెట్టుకుని, జజీర్ హుక్కా గొట్టం నోట్లో ఉంచుకుని ఉన్నాడు. సాయంత్రపు అస్ర్ నమాజుకు ఇంకా కాస్త టైముంది. తల్లి జాన బేగం సమోవార్ కూజా దగ్గర ఉప్పు చాయ్ గరిటెతో ఎత్తి పోస్తోంది.

"వచ్చావా?" అన్నాడు తండ్రి, పొగ వదులుతూ. "పొద్దుటి నుంచి కొండను తవ్వావు కదా, ఎలుక దొరికిందా?"

"ఎలుక కాదు అబ్బా. రేపు పోష్‌మార్గ్ వద్దు. ఎవరూ వెళ్ళొద్దు. గుడారాలు లేవు, ఏం లేవు."

"ముందు బూట్లు విప్పు. చాయ్ తాగు. ఆ తర్వాత అరుద్దువుగాని."

"విప్పను."

బూట్ల మంచు కరిగి నమ్దా తివాచీ మీద నీటి మడుగు కట్టింది. జాన బేగం ఆ మడుగు వంక చూసింది, కూతురి ముఖం వంక చూసింది, మళ్ళీ గరిటె అందుకుంది. ఆ ఇంట్లో తివాచీ మీద బూట్లతో నిలబడ్డ మనిషిని ఏమీ అనకుండా వదిలేయడం అదే మొదటిసారి.

సమద్ జూ తీరిగ్గా ఫోను తీసి కూతురి వైపు తిప్పాడు. "ఇది చదువు. ఇవాళ్టి మంచు హెచ్చరిక. ఐదు మెట్లలో రెండో మెట్టు, పెద్ద ప్రమాదం లేదని. రాసింది నేను కాదు, నీకు పాఠాలు చెప్పినవాళ్ళే."

"అది గుల్మార్గ్ లిఫ్టు చుట్టూ ఉన్న కొండలకు రాసింది. అక్కడ బాంబులు పేల్చి మంచు దించుతారు, రోజూ మనుషులెళ్ళి చూసొస్తారు. మన లోయకు ఎవడొచ్చాడు చూడ్డానికి? పోష్‌మార్గ్ పేరైనా విన్నారా వాళ్ళు?"

"మన లోయను చూడ్డానికి నేనున్నాను. మా నాయనున్నాడు, ఆయన నాయనున్నాడు. పోష్‌మార్గ్ నుంచి గుప్పెడు మంచు జారిందని ఎవరైనా చెప్పగా విన్నావా నువ్వు? కింద దేవదారులు చూశావా? నలుగురు చేతులు కలిపినా కౌగిట్లోకి రావు. చరియ పడేచోట అలాంటి మాను మిగులుతుందా? అతిథులకు నువ్వే చెప్తావు కదా, చెట్లను చూసి చరియ దారి పట్టండని? నీ పాఠం నీకే అప్పజెప్పాలా?"

ఈ మాట ఉల్ఫత్‌కు సూటిగా తగిలింది, ఎందుకంటే అందులో అబద్ధం లేదు. పోష్‌మార్గ్ కింద ఒక్క మాను విరగలేదు, ఒక్క కొమ్మ ఒరగలేదు. కొత్తగా వచ్చిన ఏ గైడు చూసినా ఇక్కడ నిశ్చింతగా పడుకోవచ్చనే అంటాడు. తండ్రి మూర్ఖుడై ఉంటే ఆమెకు ఇంత కోపం రాకపోను. తెలివైనవాడు తెలివినే అడ్డం పెట్టుకుని మొండికేస్తే ఏం చేయాలి?

"చెట్లు చెప్పేది పాత సంగతి అబ్బా. ఈ ఏటి సంగతి వాటికి తెలీదు. ఎందుకు పడలేదో తెలుసా ఇన్నేళ్ళూ? ఖాలిక్ చాచా మంద రెండు విడతలు మేసి, గొరిగినట్టు చేసి వదిలేది. ఆ గడ్డి మొదళ్ళు పళ్ళలా మంచును పట్టుకునేవి. ఈసారి మంద పోలేదు. గడ్డి నడుమెత్తు పెరిగింది, పడిపోయింది, కుళ్ళింది. దాని మీద కూర్చుంది మంచు. నూనె రాసిన పీట మీద పిల్లాణ్ణి కూర్చోబెట్టినట్టు! నడుమ చీలింది. నేల కనపడుతోంది. నా కళ్ళతో చూసొచ్చాను."

"చీలితే చీలింది. ఇన్నాళ్ళూ పడంది రేపే పడుతుందా?"

"రేపో, ఈ సాయంత్రమో, వచ్చే నెలో. అసలు పడకనే పోవచ్చు. అదే కదా చెప్తున్నది! మనిషి అడుగు పడితే పగిలే మంచైతే, అడుగు వేయకుండా తప్పించుకోవచ్చు. ఇది ఎవరూ తాకక్కర్లేదు. దానికి బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది. దాని కింద రెండు రాత్రులు పడుకోమంటున్నావు నువ్వు!"

జజీర్‌లో నీళ్ళు గుడగుడమన్నాయి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషికి నాలుగో కాలు చూపిస్తే, చూపించినవాళ్ళ మీదే విసుక్కుంటాడు.

"మాట ఇచ్చాను," అన్నాడు సమద్ జూ. "రేపు వద్దంటే ఏమవుతుందో తెలుసా? పై ఊరి గెస్ట్‌హౌస్ లస్సా కాచుకుని కూర్చున్నాడు. సమద్ జూ భయపడ్డాడట అని నవ్వి, వాళ్ళను తానే తీసుకెళ్తాడు. తీసుకెళ్ళేది కూడా పోష్‌మార్గ్‌కే. అప్పుడు ఆపుతావా నువ్వు?"

"ఆపుతాను! లస్సా గడప ముందు పడుకుంటాను. ముందు నా ఇంట్లోవాళ్ళను ఆపనీ."

అప్పుడు తలుపు చప్పుడైంది.

గడప అవతల ఖాలిక్ నిలబడి ఉన్నాడు. ఫెరన్ భుజాల మీద, కనుబొమల మీద చెట్ల నుంచి రాలిన మంచు. అన్న ఇంటి గడప తొక్కి ఎన్నాళ్ళయిందో. జాన బేగం చేతిలో గరిటె సమోవార్‌కు తగిలి ఖంగుమంది. "రా ఖాలికా, లోపలికి రా, నీ పీడ నాకు తగలనీ! అలా నిలబడ్డావేం?"

"కూర్చోడానికి రాలేదు భాభీ." ఆయన చూపు అన్న మీదే ఉంది. "కట్టెలకు పోయినవాళ్ళు చెప్పారు, పోష్‌మార్గ్ మీద గోధుమ రంగు గీత కనపడుతోందని. రేపు నా కొడుకును దాని కింద పడుకోబెడుతున్నావని కూడా చెప్పారు."

"వాడు నా దగ్గర పనిచేస్తున్నాడు. నీ దగ్గర కాదు."

"నా మందను పోనివ్వనన్నావు. ఊరుకున్నాను. నా కొడుకును పోనిస్తానంటే ఊరుకోను."

సమద్ జూ దిండు మీద నుంచి లేచి కూర్చున్నాడు. "చూడు, చూడు! మంచు మీద కూడా నువ్వే హకీం అయ్యావా ఇప్పుడు? ఏం తెలుసు నీకు?"

"ఏమీ తెలీదు," అన్నాడు ఖాలిక్. "మంద తొక్కిన నేల తెలుసు నాకు. తొక్కని నేల మంచు కింద ఎలా ఉంటుందో నాకు తెలీదు. మన నాయనకూ తెలీదు. ఆయన కాలంలో తొక్కకుండా ఎప్పుడైనా వదిలారా? నీకెలా తెలిసింది మరి? తెలియనప్పుడు మనిషిని పంపుతారా భాయ్‌జాన్? గొర్రెనైనా పంపను నేను."

"గొర్రెలు, గొర్రెలు! పొద్దున లేస్తే గొర్రెలు! ఇంకేం లేదా నీ బతుకులో?"

"పేరులో చోపాన్ అని పెట్టుకుని గొర్రె వాసన పడని మనిషివి నువ్వు. నాకు పడుతుంది. ఏం చేయను?"

ఉల్ఫత్‌కు ఇక తట్టుకోవడం వల్ల కాలేదు. కోపం ఒక్క తండ్రి మీద కాదు, గడపలో నిలబడ్డ చాచా మీద కూడా ఎగసింది. ఇల్లు కాలుతుంటే చుట్టకు నిప్పడిగినట్టు, ఇప్పుడా ఈ పాత లెక్కలు?

"నోరు ముయ్యండి ఇద్దరూ!" అంది. ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎవరినీ అనలేదు. జాన బేగం చేత్తో నోరు మూసుకుంది. "అక్రోట్ చెట్ల కోసమో, ఇంకే దిక్కుమాలిన దాని కోసమో మీరిద్దరూ కొట్టుకున్నారు. మీ పంతాల మధ్య ఒక కొండ పాడైంది. తాతలనాటి మంచి కొండ! రేపు ఇర్షాద్ దాని కింద పడుకుంటాడు. ఎందుకు ఆపావు అబ్బా మందను? ఇన్ని నెలలుగా అడుగుతున్నాను. ఏ హద్దు కోసం? ఎన్ని చెట్ల కోసం?"

"అది వదిలెయ్ బిడ్డా," అన్నాడు ఖాలిక్ తొందరగా. కోపంగా వచ్చిన మనిషి గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "ఇప్పుడా మాటెందుకు? ఇర్షాద్‌ను ఆపితే చాలు నాకు."

"నువ్వు మాట్లాడకు చాచా. ఎందుకు అబ్బా?"

"సమద్ భాయ్‌జాన్, వద్దు," అన్నాడు ఖాలిక్ మళ్ళీ.

కానీ సమద్ జూ ముఖం అప్పటికే ఎర్రబడింది.

"నీ కోసం!" అని అరిచాడు. "ఎవరి కోసమంటే ఏం చెప్పను? నీ కోసం ఆపాను! పోయిన వసంతంలో, ఇదిగో ఇక్కడే కూర్చుని, నవ్వింది ఎవరు? ఆ జర్మనీ ఆవిడ గుడారం ముందు పెంటికలు చూసి ముక్కు మూసుకుందని, ఆవిడ నడక నడిచి చూపించింది ఎవరు? 'పూల మైదానమని పిలిచి పెంటికల మైదానం చూపిస్తున్నాం, ఎవరొస్తారు మళ్ళీ' అంది ఎవరు? మీ అమ్మను అడుగు. నువ్వే!"

 ఆ రోజు ఉల్ఫత్‌కు గుర్తుంది. ముక్కు మూసుకుని, మడమలెత్తి వంటింట్లో నడిచింది. అందరూ నవ్వారు. తండ్రి కూడా నవ్వాడనే ఇన్నాళ్ళూ అనుకుంది.

"నవ్వులకు అన్నాను," అంది చివరికి.

"నీకు నవ్వు. నేను నవ్వానా, చెప్పు? గొర్రెలు కాసినవాడి కొడుకును నేను. నా కూతురు గొర్రె పెంటికల నడుమ నిలబడి దొరసానులకు సంజాయిషీ చెప్పుకుంటోందంటే నాకు అన్నం సయించలేదు. ఒక్క ఏడు, ఒక్క ఏడు మందను వేరేచోటికి తోలమని వీణ్ణి అడిగాను. తోలనన్నాడు. నేను కంచె కట్టించాను. పూలు పూచాయి కదా? ఫోటోలు తీశావు కదా? ఎంతమంది వచ్చారు ఆ ఫోటోలు చూసి!"

ఉల్ఫత్ చాచా వైపు తిరిగింది. ఖాలిక్ తల దించుకుని ఉన్నాడు.

"నీకు తెలుసా?"

"కంచె కట్టిన రోజే చెప్పాడు."

"తెలిసి కూడా..."

"పిల్ల పేరు బయటికి రాకూడదనుకున్నాం. ఊళ్ళో నాలుకలు నీకు తెలుసు. ఆ ఒక్క విషయంలో మాత్రం మేమిద్దరం ఒకే మాట మీదున్నాం."

ఇన్ని నెలలుగా ఉల్ఫత్ ఆ చాచా ఇంట్లో కూర్చుని, ఆయన పెట్టింది తిని, తన తండ్రి దుర్మార్గాన్ని ఆయనకే వివరించి చెప్పింది. దూరపు బీళ్ళకు తోలిన మందలో సగం రోగాలొచ్చి పోతే, అబ్బాకు పాపం తగులుతుందని శపించింది. ఆయన ఊఁ కొట్టాడు. ఒక్కసారీ, ఒక్క మాటా అనలేదు. ఆయన మంచితనం తల్చుకుంటే ఆమెకు కన్నీళ్ళు రావాలి. రాలేదు. వచ్చింది ఇంకా పెద్ద కోపం.

"గొప్పవాళ్ళు!" అంది. "ఇద్దరూ గొప్పవాళ్ళే! ఒకడు నా కోసం తమ్ముడి కడుపు కొట్టాడు, ఇంకొకడు నా కోసం కడుపు మాడ్చుకుని నోరు మూసుకున్నాడు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు! పెంటికలన్నాను. ఒప్పుకుంటాను, పొగరుబోతు మాటే అన్నాను. గొర్రెలొద్దన్నానా? అబ్బా, నువ్వు నన్ను ఒక్క మాట అడిగి ఉంటే, మంద లేకపోతే గడ్డి పెరుగుతుంది, గడ్డి పెరిగితే మంచు నిలవదని నేనే చెప్పేదాన్ని. అది నాకు నేర్పించారు. చదువుకున్నాను. పుస్తకంలో బొమ్మ కూడా ఉంది! మీ తగాదా చూస్తూ గడ్డి సంగతి నేనూ మరిచాను. చాచా, నువ్వైనా చెప్పి ఉంటే ఆ కంచెను నా చేతులతో పీకేసేదాన్ని. నా పరువు కాపాడారట! నా పరువు అంత బరువైందా, ఆరుగురు మనుషుల మీద మంచు కుప్పలా వేయడానికి?"

 జాన బేగం లేచి, మరిదికి ఒక గిన్నెలో చాయ్ పోసి, గడప దగ్గరికి తీసుకెళ్ళి చేతికిచ్చింది. ఖాలిక్ ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకుని అలాగే తాగాడు.

"మాట ఇచ్చాను అన్నావు," అంది ఉల్ఫత్ తండ్రితో. అరవడం మానేసింది. "ఆ మాట నా పేరు మీద ఇచ్చావో, నీ పేరు మీద ఇచ్చావో, నాకు తెలీదు. నా పేరు మీదైతే వెనక్కి తీసుకో. నాకు అతిథులొద్దు. పూలొద్దు. లస్సా నవ్వితే నవ్వనీ. ఇర్షాద్ బతికుంటే చాలు."

సమద్ జూ చాలాసేపు జజీర్ నిప్పులనే చూస్తూ కూర్చున్నాడు. నేను ఆయన్ని వెనకేసుకు రావడం లేదు. కానీ కూతురి కోసం చేశాననుకున్న పనిని కూతురే తెచ్చి ముఖాన కొడితే, ఏ తండ్రికైనా లేవడానికి కాస్త సమయం పడుతుంది. చివరికి లేచాడు. గోడకు వేలాడుతున్న వాకీటాకీ తీశాడు. దాని జోడు ఇర్షాద్ దగ్గర ఉంటుంది. ఈ కాలమంతా ఇర్షాద్ అతిథులతో పాటు గెస్ట్‌హౌస్‌లోనే, వెనక వాకిలి గదిలో పడుకుంటాడు. ఇప్పుడు రేపటికి సామాను సర్దుకుంటూ ఉండాలి.

"ఇర్షాద్. ఇర్షాద్, వినపడుతోందా? రేపటి ప్రయాణం..."

గరగరమని చప్పుడు. ఆ తర్వాత నవ్వుతున్న గొంతు, వెనకాల ఎవరో పాడుతున్నారు.

"బడే అబ్బా! మీరే పిలుస్తారనుకున్నాను. కోప్పడొద్దు ముందే చెప్తున్నా! రేపు మబ్బు పడుతుందని ఫోన్లో చూశారు వీళ్ళు. ఇవాళే పోదామని నా ప్రాణం తీశారు. మిమ్మల్ని అడుగుదామని వస్తే మధ్యాహ్నం జుహర్ నమాజులో ఉన్నారు. రేపు పోయేది ఇవాళ పోతున్నాం, అంతే కదా అని బయల్దేరాం. నాలా దారిన చేరిపోయాం. గుడారాలు కూడా వేసేశాం."

సమద్ జూ చేయి కిందికి జారింది.  ఖాలిక్ చేతిలో చాయ్ గిన్నె గడప మీద పడింది. ఆయన రెండు అంగల్లో లోపలికొచ్చి, అన్న చేతిలోంచి వాకీటాకీ లాక్కున్నాడు.

"ఇర్షాద్! నేను. మీ బాబాను. సామాను అక్కడే వదిలెయ్. అందరినీ తీసుకుని అడవి గట్టు వైపు పో. ఇప్పుడే పో."



"బాబా?" అన్నాడు ఇర్షాద్. "బాబా, మీరు బడే అబ్బా ఇంట్లో ఉన్నారా? ఇద్దరూ ఒకచోటే ఉన్నారా? యా ఖుదా! నిజంగానా?" అటు తిరిగి ఎవరికో అరిచి చెబుతున్నాడు, "మా బాబా, మా బడే అబ్బా కలిసిపోయారు!" అని. ఆ ఐదుగురిలో ఎవరికి ఏం అర్థమైందో, చప్పట్లు వినపడ్డాయి.

"ఒరే, చెప్పేది విను..." అన్నాడు ఖాలిక్.

ఉల్ఫత్ ఆయన చేతిలోంచి దాన్ని తీసుకుంది. ఆమె గొంతులో కోపం లేదు. పనిలో ఉన్నప్పుడు ఆమె గొంతు ఎలా ఉంటుందో అలా ఉంది.

"ఇర్షాద్, పైకి చూడు. వాలు మీద గీత ఉందా?"

"ఉంది దీదీ. ఎంత బాగుందో. సాయంత్రం ఎండ దాని మీదే పడుతోంది."

"ఎంత వెడల్పుంది?"

"ఎంతంటే... లారీ పట్టేంత."

పొద్దున ఆమె చూసినప్పుడు అది చేయి పట్టేంత ఉంది. ఉల్ఫత్ కళ్ళు మూసుకుని తెరిచింది.

"పాటలు ఆపమను. ఐదుగురూ నీ పక్కనే ఉన్నారా?"

"ముగ్గురున్నారు. ఆ అన్నాచెల్లెళ్ళిద్దరూ ఫోటోకని పక్కనుంచి పైకెళ్ళారు. వద్దన్నా వినలేదు దీదీ. అదిగో, చేరిపోయారు కూడా. గీత అంచున నిలబడి చేతులూపుతున్నారు," అన్నాడు ఇర్షాద్. "నేనూ ఊపుతున్నాను."